కాంగ్ ఒంటి మీద బొచ్చు ఎందుకు కదులుతుంది

ఒరేయ్ శ్రీనూ,

"ఆ పాత రాక్షసుల సినిమాల్లో ఏముందిరా, అన్నీ కుదుపులేగా" అన్నావు. ఉన్నదంతా ఆ కుదుపుల్లోనే ఉందిరా. బొమ్మని కాస్త కాస్త జరుపుతూ ఒక్కో ఫోటో తీసి, వరసగా ఆడించి నడిపించే స్టాప్ మోషన్ పని అది. తీరిగ్గా చదువు.

1933 నాటి 'కింగ్ కాంగ్' తీసుకో. తెర మీద కొండంత కనిపించే ఆ కోతి బొమ్మ ఎత్తు 18 అంగుళాలు. లోపల కీళ్ళు తిరిగే లోహపు అస్థిపంజరం, కండలకి స్పాంజి, దూది, రబ్బరు, పైన కుందేలు బొచ్చు. బొమ్మ కట్టింది మార్సెల్ డెల్గాడో, దానికి ప్రాణం పోసింది విల్లిస్ ఓబ్రయన్. ఒక ఫ్రేము (అంటే ఒక్క ఫోటో) తీయడం, బొమ్మని వెంట్రుకవాసి జరపడం, మళ్ళీ ఒక ఫ్రేము. సెకనుకి 24. జరిపిన ప్రతిసారీ వేళ్ళు తగిలి బొచ్చు ఒక్కోచోట అణిగేది. వరసగా ఆడిస్తే గాలికి వరిచేను ఊగినట్టు ఒళ్ళంతా అలలాడుతుంది. పనితనం లెక్కలో అది తప్పే. చూసే కంటికి మాత్రం కోపంతో బొచ్చు నిక్కబొడుచుకున్నట్టుంటుంది. టైరనోసారస్‌ని చంపాక కాంగ్ దాని విరిగిన దవడని పట్టుకుని ఆడించి చూస్తాడు చూడు, పసిపిల్లాడు కొత్త ఆటవస్తువుని చూసినట్టు! కథకి అక్కర్లేని పని అది. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే.

కుదుపు సంగతి. మనిషి పరిగెడుతుంటే తీసిన ఫ్రేములో చెయ్యి కాస్త అలుక్కుపోతుంది. బొమ్మ ప్రతి ఫ్రేములోనూ కదలకుండా నిలబడే ఉంటుంది కాబట్టి అన్నీ చెక్కినట్టు పడతాయి. కంటికి ఆ తేడా తెలిసిపోతుంది. అందుకే ఆ జీవులు మన లోకానివి కావనిపిస్తుంది, కలలో జీవుల్లా ఉంటాయి.

ఓబ్రయన్ దగ్గర పని నేర్చుకున్న రే హ్యారీహౌసెన్ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. నటుల మీద తీసిన ఫిల్ముని బొమ్మ వెనకున్న చిన్న తెర మీద ఒక్కో ఫ్రేము చొప్పున వెయ్యడం, ముందు గాజుపలక మీద కిందిభాగం నల్లరంగుతో మూసేసి తీయడం, తర్వాత ఫిల్ము వెనక్కి తిప్పి ఆ మూసిన భాగాన్ని మాత్రమే తీయడం. దాంతో రాక్షసుడు ముందున్న నేలకీ వెనకున్న దృశ్యానికీ మధ్య ఇరుక్కుని నిలబడతాడు. 1958 సింద్‌బాద్ సినిమాలో ఒంటికన్ను రాక్షసుడికి మేక కాళ్ళు పెట్టాడు, లోపల మనిషి ఉన్నాడని ఎవరికీ అనుమానం రాకూడదని. 1955లో ఇంకో సినిమాకి డబ్బు చాలక, ఎనిమిది చేతులుండాల్సిన ఆక్టోపస్‌కి ఆరే చేశాడు!

1963 నాటి 'జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్'లో ఏడు అస్థిపంజరాలు ముగ్గురు మనుషులతో కత్తియుద్ధం చేస్తాయి. నటులు గాలిలో కత్తి తిప్పారు, ఆ దెబ్బకి సరిగ్గా ఎదురొచ్చేలా ఎముకల చేతిని తర్వాత జరపాలి. ఒక్కోదానికి తల, చేతులు, కాళ్ళు కలిపి అయిదు, ఏడింటికి 35 కదలికలు, అదీ ఒక్క ఫ్రేముకి. రోజుకి సగటున 13 ఫ్రేములు, అంటే తెర మీద అర సెకను. నాలుగు నెలలు దాటింది.

నువ్వు ఫోన్‌తో ప్రయత్నిస్తానన్నావు కాబట్టి చెప్తున్నా. బొమ్మ ఒంటికి 3 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ రెండు పోగులు మెలిపెట్టు, చేతులకి 2 మిల్లీమీటర్లది చాలు. వంచి వంచి తీగ మోచేతి దగ్గరే తెగుతుంది, అందుకని చేతిని విడదీసి మార్చుకునేలా కట్టు. పాదంలో నట్టు పొదిగి, ప్లైవుడ్ బల్లకి రంధ్రం చేసి కింద నుంచి బోల్టు బిగించు. లేకపోతే ఒంటికాలి మీద నిలవదు, ప్రతి అడుగూ జారుతుంది. ఫోకస్, వెలుగు, రంగు మూడూ లాక్ చెయ్యి, కర్టెన్లు మూసెయ్యి. తెల్లచొక్కా వేసుకోకు, దాని వెలుగు బొమ్మ మీద పడి మెరుపులొస్తాయి. సెకనుకి 12 ఫ్రేములతో మొదలుపెట్టు.

చెయ్యి 3 సెంటీమీటర్లు లేవాలంటే అంతా సమానంగా పంచకు. 1, 2, 4, 7, 7, 5, 3, 1 మిల్లీమీటర్లు చొప్పున జరుపు. సమానంగా జరిపితే గడియారం ముల్లులా ఉంటుంది. అడుగు వేయించే ముందు ఒంటి బరువుని రెండో కాలి మీదికి ఒరిగించాలి, అది మానేస్తే రాక్షసుడు బెండుబొమ్మలా తేలిపోతాడు. నిలబడ్డప్పుడు కూడా ఏదో ఒకటి కదలాలి. హ్యారీహౌసెన్ జీవుల తోకలు ఎందుకు అస్తమానం ఆడుతుంటాయో ఇప్పుడు అర్థమైందా?

ముందు ఆ అస్థిపంజరాల యుద్ధం ఒకసారి సౌండ్ తీసేసి చూడు. కత్తుల్ని వదిలేసి పాదాల్నే చూడు, ఏ కాలు ఎప్పుడు నేలకి ఆనుతోందో రాసుకో. తర్వాత మీ బల్ల మీద రెండడుగులు వేయించి వీడియో పంపు.

ఉంటాను మరి,
నీ ప్రసాద్