గాలి తిరిగిన సంగతి కూడా వెయ్యండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం అండీ,

నిన్న మీ పేపర్లో "ఒక్కసారిగా ముంచుకొచ్చిన చలి" అనే హెడ్డింగ్ చూశాక రాయకుండా ఉండలేకపోయా. ఒక్కసారిగా ఏం రాలేదండీ. చెప్పే వచ్చింది, మనమే పట్టించుకోలేదు.

రెండు వారాలు వెచ్చగా ఉంది నిజమే, అధిక పీడనం (గాలి ఒత్తిడి ఎక్కువున్న ప్రాంతం) ఒకటి కదలకుండా తిష్ట వేసి దక్షిణం నుంచి గాలిని మన మీదకి తోస్తూ కూర్చుంది, దాంతో అందరూ ఈసారి చలికాలం లేదులే అనేశారు. కానీ సెప్టెంబర్ 22, 23 దాటాక ఉత్తరార్ధగోళంలో రాత్రులు పెరుగుతూనే ఉంటాయి కదా, ధ్రువం వైపు చల్లబడుతూనే ఉంటుంది, అక్కడి చలికీ ఇక్కడి వేడికీ తేడా పెరిగేకొద్దీ పైన 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో ఉండే జెట్ స్ట్రీమ్, అంటే పడమట నుంచి వేగంగా వీచే గాలి ప్రవాహం, జోరు పెరుగుతుంది. అది దక్షిణం వైపు వంపు తిరిగిందా, ఆ వంపులోంచి చల్లగాలి దిగిపోతుంది. బరువైన గాలి కాబట్టి వెచ్చటి గాలి కిందకి దూరి దాన్ని పైకి లేపేస్తుంది, వాన అక్కడే పడుతుంది.

మొన్న మా దగ్గర అచ్చం ఇలాగే జరిగింది. ముందురోజు సాయంత్రం పడమట ఈకల్లాంటి పల్చటి మబ్బులు. ఫోన్లో గాలి పీడనం చూపించే బారోమీటర్ యాప్ పెట్టుకున్నాలెండి, మా ఆవిడ నవ్వుతుంది, అందులో 1021 మిల్లీబార్లు ఉన్నది పొద్దున్నకి 1009కి దిగిపోయింది. తీగ మీద బట్టలు పొద్దున ఈశాన్యం వైపు ఎగురుతున్నాయి, ఒక గంట గట్టిగా వాన కొట్టి ఆగాక చూస్తే అవే బట్టలు ఆగ్నేయానికి తిరిగాయి. అంటే నైరుతి గాలి పోయి వాయవ్య గాలి వచ్చేసినట్టే. పీడనం మళ్ళీ ఎక్కడం మొదలైంది, ఆకాశం క్లియర్ అయిపోయింది, మబ్బు లేదు కాబట్టి ఆ రాత్రి నేల వేడంతా పైకి పోయి ఇంకా చల్లబడింది.

అసలు నా కంప్లైంట్ ఇదీ. ఆ రోజుకి మీరు ముందే వేసిన గరిష్ఠం 24 డిగ్రీలు. తప్పని అనను, 24 ఉంది, కానీ తెల్లవారుజామున ఉంది! చల్లగాలి వచ్చిన రోజు మధ్యాహ్నం కన్నా తెల్లవారే వెచ్చగా ఉండొచ్చు. ఆ అంకె చూసి మావాడిని స్వెట్టర్ లేకుండా స్కూలుకి పంపించాం, మూడింటికి వణుక్కుంటూ వచ్చాడు.

కాబట్టి గరిష్ఠం, కనిష్ఠం పక్కన అవి ఏ టైముకో వెయ్యండి, గాలి ఎటు నుంచి ఎటు తిరుగుతుందో, పీడనం ఎక్కుతుందా దిగుతుందా అనేది ఒక్క లైను వెయ్యండి చాలు. జాగా లేదంటారా, రాశిఫలాల్లో ఒకటి తీసెయ్యండి. మాది తులారాశి, అది తీసేసినా నేనేం అనుకోను.

ఇట్లు,
రోజూ వాతావరణం బాక్సే ముందు చూసే మీ పాఠకుడు