పంపు మార్చాం, తప్పు మరోచోట ఉంది

గత ఏడాది కాలంలో మా దగ్గర బండికి ఫ్యూయల్ పంపు (ట్యాంకులోని పెట్రోలును ఇంజనుకు తోసేది) మార్పించుకున్న వారందరికీ ఇది రాస్తున్నాను. మీలో కొందరి బండ్లు కొత్త పంపు పడిన నెల రెండు నెలలకే మళ్లీ దారిలో మొండికేశాయి. ఫోను చేసినవారంతా అడిగింది ఒక్కటే: "కొత్త పంపు వేశారు కదా, మళ్లీ ఏమైంది?"

కొన్ని బండ్లకు మేము వేసిన పంపు మోటారు నాసిరకం. ధర తక్కువని ఒకే విడతలో తెప్పించాను, అది నా పొరపాటు. ఇంకొన్ని బండ్లలో అసలు పాత పంపు చెడిపోనే లేదు. ఈ రెండో మాట చెప్పడానికే నాకు ఇన్నాళ్లు పట్టింది.

ఫిర్యాదులు పెరిగాక, విప్పి మూల పడేసిన పాత పంపులను తీసి ఒక్కొక్కటిగా ప్రెషర్ గేజికి తగిలించి చూశాం. పెట్రోలును ఒత్తిడితో ఇంజనులోకి చిమ్మే ఇంజెక్షన్ బండ్లలో చాలావాటికి దాదాపు 3 బార్ ఒత్తిడి కావాలి. మేము పనికిరావని తీసేసిన వాటిలో మూడు నిక్షేపంగా ఆ ఒత్తిడిని అందుకున్నాయి. ఆ రోజు మధ్యాహ్నం షాపులో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

ఆ మూడింటిలో ఒకటి, ఎత్తు ఎక్కినప్పుడల్లా పికప్ పడిపోతోందని చెప్పిన ఒక కస్టమర్ బండిది. అప్పట్లో కనెక్టర్ ఊడదీసి మీటరు పెడితే పన్నెండున్నర వోల్టులు చూపింది. కరెంటు వస్తోంది కాబట్టి లోపం పంపులోనే అని తేల్చేశాం. మొన్న ఆయన బండి తిరిగి వచ్చినప్పుడు కనెక్టర్ తగిలించి, పంపు తిరుగుతుండగా కొలిస్తే తొమ్మిది వోల్టులే ఉన్నాయి. కనెక్టర్‌లో ఒక పిన్ను ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది, దాని చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ వేడికి గోధుమరంగుకు మారింది. పని లేనప్పుడు మీటరు ఎప్పుడూ అందంగానే చూపిస్తుంది. పంపు కరెంటు లాగినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. వోల్టేజీ తగ్గితే మోటారు వేగం తగ్గుతుంది, దాంతో ఒత్తిడి పడిపోతుంది. పిన్ను మార్చాం, బండి బాగుపడింది. అన్నాళ్లూ పంపును ఆడిపోసుకున్నాం.

ఇంకొకరి బండి అరగంట నడిచాక ఆగిపోయేది, కాసేపు నిలబెడితే మళ్లీ స్టార్ట్ అయ్యేది. వేడెక్కితే ఆగి, చల్లారితే నడిచేది పంపే అని ఎవరైనా అంటారు, మేమూ అన్నాం. నిజానికి ట్యాంకు మూతలో గాలి లోపలికి పోయే సన్నటి దారి మట్టితో పూడుకుపోయింది. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ చోటును నింపే గాలి లేక పంపు లాగలేకపోయేది. కాసేపు నిలబెడితే గాలి మెల్లగా లోపలికి చేరి మళ్లీ నడిచేది. మూత తెరిస్తే 'సుయ్' మని గాలి లోపలికి పీల్చుకుంటుందని ఆయన మొదటి రోజే చెప్పారు, మేము పట్టించుకోలేదు.

ఒక తప్పు మాత్రం పూర్తిగా మా చేతిపని. ట్యాంకు లోపల పంపును పైమూతకు కలిపే చిన్న గొట్టం ఉంటుంది. అది ఎప్పుడూ పెట్రోలులో మునిగే ఉంటుంది కాబట్టి లోపలా బయటా పెట్రోలును తట్టుకోవాలి, అలాంటి గొట్టం మీద 30ఆర్10 అని ముద్ర ఉంటుంది. మా కొత్త కుర్రాడు బయట వాడే మామూలు ఫ్యూయల్ గొట్టం ముక్క కోసి రెండు బండ్లకు వేశాడు. అది ఉబ్బి, నిలువునా చీలింది. పంపు ఎంత తోసినా పెట్రోలు తిరిగి ట్యాంకులోకే పోయింది. కుర్రాడిని అనడానికి లేదు, సరైన గొట్టం షాపులో ఉంచనిది నేను.

మీరు చేసేవీ కొన్ని ఉన్నాయి, కోపగించుకోకండి. పంపు మోటారును చల్లగా ఉంచేది పెట్రోలే, అది మోటారు గుండానే ప్రవహిస్తుంది. ఒకటి రెండుసార్లు రిజర్వులోకి వస్తే ఏమీ కాదు. రోజూ అడుగంటిన ట్యాంకుతోనే తిరిగితే మోటారు వేడికి త్వరగా అరిగిపోతుంది. నెలల తరబడి బండిని నిలిపి ఉంచేవారు ఇంకో సంగతి గమనించాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. నీరు మరీ ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి విడిపోయి అడుగుకు చేరుతుంది. పంపు జల్లెడ ఉండేదీ అక్కడే. అలాంటి ఒక బండి జల్లెడను తెల్లటి కాగితం మీద దులిపితే తుప్పు పొడి కుప్పగా పడింది.

కీ తిప్పగానే రెండు మూడు సెకన్లు 'జుయ్' మని వినిపించేది పంపు శబ్దమే. వినిపించకపోతే ముందు హ్యాండిల్ మీద ఇంజను ఆపే ఎర్ర స్విచ్చు చూడండి. అది ఆపేసి ఉండగా బండిని తోసుకుంటూ మా దాకా వచ్చినవారు ఉన్నారు, పేర్లు చెప్పను.

ఇకపై పంపు తిరుగుతుండగా వోల్టేజీ, గేజి మీద ఒత్తిడి కొలిచి, ఆ రెండు అంకెలూ బిల్లు మీద రాశాకే పంపు విప్పుతాం. తీసేసిన పంపును మీ చేతికే ఇస్తాం. ఆ నాసిరకం విడత పంపు పడిన బండ్ల జాబితా మా పుస్తకంలో ఉంది, వారికి మేమే ఫోను చేస్తాం. పంపు, కూలి రెండూ మా ఖర్చే. పాత పంపు బాగున్నా మార్పించుకున్న ముగ్గురికి డబ్బు వెనక్కి ఇచ్చేశాం. గొట్టం చీలిన రెండు బండ్లూ బాగుచేసి పంపాం.

వచ్చేటప్పుడు ట్యాంకు నిండా పోయించుకుని మాత్రం రాకండి. పంపు దించాలంటే అదంతా మేము డబ్బాల్లోకి తోడాలి.