సందు ఉన్నా బయటికి రాదట!

ఒరేయ్ శీనుగా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. నాన్న కంటి ఆపరేషన్ అయింది, బాగున్నారు. చిన్నదానికి పరీక్షలు. ఇల్లుగలాయన అద్దె పెంచాడు. ఇంక అసలు విషయం, చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మా మైక్రోవేవ్ ఓవెన్ తలుపు గొళ్ళెం వదులైతే మెకానిక్‌ని పిలిచాను. అమ్మ సంగతి తెలుసుగా, తరంగాలు బయటికొస్తాయని భయం, అది ఆన్ చేస్తే వరండాలోకి వెళ్ళిపోతుంది. అతన్ని పట్టుకుని, "ఫ్రిజ్‌కి రబ్బరు ఉంటుంది కదా బాబూ, దీనికేదీ?" అంది. నిజమే రా! తలుపు మూసినా సన్నటి సందు ఉంటుంది.

అతను తలుపు లోపలి ప్లాస్టిక్ పట్టీ ఊడదీశాడు. చుట్టూ రేకు గాడి, దువ్వెన పళ్ళలా చీలికలు. చోక్ అంటారట. అతను వెళ్ళాక రాత్రంతా దాని గురించే చదివాను. ఓవెన్ తరంగం పొడవు 12 సెంటీమీటర్ల పైచిలుకు. గాడి దారి అందులో పావు వంతు, సుమారు 3 సెంటీమీటర్లు. సందులో దూరిన తరంగం గాడి చివరిదాకా పోయి వచ్చేసరికి సగం పొడవు తేడా పడుతుంది. అంటే బయటికి పోబోయేదానికి సరిగ్గా ఎదురు తిరుగుతుంది. ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి! తలుపు ఓవెన్ రేకుకి ఆనక్కర్లేదు. ఎవడికి తట్టిందో గానీ, దండం పెట్టాలి.

అద్దం వెనక జల్లెడ సులువే. ఒకటి రెండు మిల్లీమీటర్ల చిల్లుల్లోంచి వెలుతురు వస్తుంది, అంత పొడుగు తరంగం రాలేదు. అమెరికాలో 1971 నుంచి రూలు కూడా ఉంది: ఓవెన్ ఎంత పాతబడినా, బయటికొచ్చే తరంగాల శక్తి 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు దాటకూడదు. ఇదంతా చెబితే అమ్మ "సరేలే" అని మళ్ళీ వరండాలోకే.

నీకు ఇంకోటి. ఆస్ట్రేలియాలో పార్క్స్ రేడియో టెలిస్కోప్‌కి ఏళ్ళ తరబడి వింత సిగ్నళ్ళు తగిలేవి. 2015లో తేల్చారు: ఎవరో ఆపకుండానే ఓవెన్ తలుపు లాగేస్తున్నారు! ఆగిపోయే ఆ క్షణంలో మాగ్నెట్రాన్, అంటే ఓవెన్‌లో తరంగాలు పుట్టించే భాగం, చిన్న విసురు వదిలేది. బీప్ వచ్చేదాకా ఆగలేని వాళ్ళు అక్కడా ఉన్నారన్నమాట. పుల్లట్ల కేసు గుర్తుందా, వెధవా?

తలుపు తీస్తే కరెంటు కట్ చేసే స్విచ్చులు ఒకటి కాదు. అవి మొరాయిస్తే ఫ్యూజు కొట్టేసే స్విచ్చు వేరే. అది ఎలాగంటే... ఉండు, అంతకన్నా ముఖ్యం, నీ స్క్రూడ్రైవర్ బుద్ధి తెలుసు కాబట్టి చెబుతున్నా, వెనక డబ్బా విప్పకు. ప్లగ్ పీకినా కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు ఉండిపోవచ్చు. మొన్న నువ్వు మిక్సీకి చేసిన వైద్యం...

చిన్నదాని బస్సు వచ్చేసింది. మిగతాది ఫోన్లో.

నీ
బాచిగాడు