సీటు ఖాళీ అయిన రోజు నుంచే లెక్క మొదలవ్వాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

లోక్‌సభకూ అసెంబ్లీలకూ ఒకేసారి పెట్టే జమిలి ఎన్నికలు వస్తే ఎంత ఖర్చు మిగులుతుందో చెబుతూ మీ పత్రికలో వ్యాసం వచ్చి పది రోజులు దాటింది. ఇంట్లో పెళ్లి పనులుండి వెంటనే రాయలేకపోయాను. అరపేజీ వ్యాసంలో ఉప ఎన్నికల గురించి ఒక్క ముక్క లేదు. జమిలి వచ్చినంత మాత్రాన రాజీనామాలు ఆగిపోవు, పార్టీలు మారేవాళ్లు ఆగరు, ప్రాణాలు ఎవరి చేతిలోనూ ఉండవు. సీట్లు ఖాళీ అవుతూనే ఉంటాయి. వాటిని ఎప్పుడు నింపాలన్నది ఇవాళ ఎవరి అవసరాన్ని బట్టి నడుస్తోందో మా శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో.

టెక్కలితోనే మొదలుపెడతాను. 1994లో ఎన్టీఆర్ హిందూపురంతో పాటు టెక్కలి నుంచి కూడా పోటీ చేశారు. రెండు చోట్లా గెలిచి హిందూపురం ఉంచుకున్నారు. మా వాళ్లు మరుసటి ఏడాది మళ్లీ క్యూలో నిలబడ్డారు. ఆయన మీద మా జిల్లాకున్న అభిమానం ఎంతటిదో నాకు తెలుసు, నాకూ ఉంది. అయినా అడుగుతున్నాను, ఆ రెండో ఎన్నిక ఎవరి కోసం జరిగింది? అంతకుముందు 1985లో ఆయనే గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడింటా నిలబడి మూడూ గెలిచారు. అప్పట్లో ఎన్ని చోట్ల నిలబడినా అడ్డు లేదు. 1996లో చట్టం మార్చి రెండు చోట్లకు తగ్గించారు. ఒక్కటి చాలని ఎన్నికల సంఘం 2004లోనే ప్రతిపాదించింది. అది కుదరకపోతే, రెండూ గెలిచి ఒకటి వదిలేసినవాళ్లు అసెంబ్లీ సీటుకు 5 లక్షలు, లోక్‌సభ సీటుకు 10 లక్షలు ఉప ఎన్నిక ఖర్చు కింద కట్టాలంది. 2015లో లా కమిషన్ కూడా ఒక్క సీటే ఉండాలని రాసిచ్చింది. కేంద్రంలో ప్రభుత్వాలు మారాయి, ఆ కాగితం మాత్రం కదల్లేదు.

2009లో అదే టెక్కలిలో కొర్ల రేవతీపతి గారు గెలిచిన కొద్ది కాలానికే చనిపోయారు. ఆ ఉప ఎన్నికలో నాకు పోలింగ్ డ్యూటీ పడింది. మధ్యాహ్నం పూట ఒక ముసలమ్మ చీటీ ఇచ్చి, వేలు చాపి, నా వైపు చూస్తూ అడిగింది: "మొన్న ఏసిన ఓటు ఏటయిపోనాది బావూ?" ఆయన పోయారమ్మా, అందుకే మళ్లీ వేయాలి అన్నాను. "ఆయన పోయినాడని ఎరుగుదును. నా ఓటు కూడా పోనాదేటి?" అంది. సిరా రాస్తున్న టీచరమ్మ చెయ్యి ఆగిపోయింది. చావుకు ఎవరూ ఏమీ చేయలేరు, ఆ ఎన్నిక జరగాల్సిందే, జరిగింది. ఆ అమ్మకు నేను సరైన జవాబు చెప్పలేకపోయానన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది.

మనుషులు చేతులారా తెచ్చిపెట్టే ఖాళీల సంగతి వేరు. 2011 డిసెంబరులో సొంత పార్టీ మాట కాదని అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా ఓటేసిన ఎమ్మెల్యేల మీద 2012 మార్చిలో అనర్హత వేటు పడింది. జూన్ 12న 18 అసెంబ్లీ స్థానాలకు, నెల్లూరు లోక్‌సభకు పోలింగ్ జరిగింది. మా నరసన్నపేట అందులో ఒకటి. ధర్మాన కృష్ణదాస్ గారు ఒక వైపు, ఆయన తమ్ముడు రామదాస్ గారు ఇంకో వైపు. బడులు తెరిచే రోజులవి. పిల్లలకు పుస్తకాలు పంచాల్సిన గదుల్లో ఓటింగ్ యంత్రాలు పెట్టుకున్నాం. డిసెంబరులో మొదలైన వ్యవహారం తేలేసరికి జూన్ వచ్చింది. మధ్యలో మా వీధిలో ఒకాయనకు గుండె ఆపరేషన్ అవసరమై, ముఖ్యమంత్రి సహాయ నిధికి సిఫారసు లేఖ కోసం పక్క నియోజకవర్గానికి వెళ్తే, మీ ఊరు మాది కాదు కదా అని పంపేశారు. ఎవరిని తప్పుపట్టాలి? ఆయనకు ఎమ్మెల్యేనే లేడు.

అప్పుడు కనీసం వేటు పడింది. 2014 తర్వాత అదీ లేదు. ప్రతిపక్షం నుంచి 23 మంది ఎమ్మెల్యేలు అధికార పక్షంలోకి వెళ్లారు. మా దగ్గర పాతపట్నం ఎమ్మెల్యే వెళ్లారు. బొబ్బిలి ఎమ్మెల్యే వెళ్లి 2017లో మంత్రి కూడా అయ్యారు. స్పీకర్ నిర్ణయం తీసుకోలేదు, పార్టీ మారినందుకు ఒక్క చోటా ఉప ఎన్నిక రాలేదు. ప్రభుత్వం మారాక ఇంకో రకం చూశాం. విశాఖ ఉత్తరం ఎమ్మెల్యే గంటా శ్రీనివాసరావు గారు ఉక్కు ఫ్యాక్టరీ కోసం 2021 ఫిబ్రవరిలో రాజీనామా చేస్తే, దాన్ని 2024 జనవరిలో ఆమోదించారు. ఇంచుమించు మూడేళ్లు! అప్పటి స్పీకర్ మా ఆమదాలవలస ఎమ్మెల్యేనే కాబట్టి ఈ మాట రాయడానికి మరీ కష్టంగా ఉంది. ఆమోదించేటప్పటికి సాధారణ ఎన్నికలే దగ్గర పడ్డాయి, ఇక ఉప ఎన్నిక ఎక్కడిది?

తప్పు ఎక్కడుందంటే, చట్టంలో గడియారం ఆలస్యంగా మొదలవుతుంది. ఖాళీ ఏర్పడిన ఆరు నెలల్లో ఎన్నిక పెట్టాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఏ సెక్షన్ చెబుతుంది. బాగానే ఉంది. కానీ రాజీనామా ఇచ్చిన రోజు ఖాళీ కాదు, స్పీకర్ ఆమోదించిన రోజు ఖాళీ. 1974 దాకా లేఖ ఇస్తే చాలు, సీటు పోయేది. గుజరాత్‌లో ఎమ్మెల్యేలను బెదిరించి రాజీనామాలు చేయించారన్న గొడవ తర్వాత రాజ్యాంగం సవరించి ఆమోదం అన్న మాట చేర్చారు. ఉద్దేశం మంచిదే. గడువు పెట్టకపోవడమే తప్పు. పార్టీ ఫిరాయింపుల మీద స్పీకర్ మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2020లో మణిపూర్ కేసులో చెప్పింది, 2025లో తెలంగాణ కేసులో మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

అదే సెక్షన్‌లో ఇంకో లొసుగుంది. ఖాళీ అయిన సీటు పదవీకాలం ఏడాదిలోపు మిగిలితే ఎన్నిక అక్కర్లేదు. 2018 సెప్టెంబరులో అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు గారిని మావోయిస్టులు కాల్చి చంపారు. మరుసటి ఏడాది ఎన్నికలయ్యే దాకా ఆ గిరిజన నియోజకవర్గానికి ఎమ్మెల్యే లేడు. ప్రత్యేక హోదా కోసం రాజీనామా చేసిన ఐదుగురు ఎంపీల సీట్లూ అంతే, ఏడాదికి రెండు వారాల పైచిలుకు తక్కువని ఖాళీగా వదిలేశారు.

మా విజయనగరం స్థానిక సంస్థల ఎమ్మెల్సీ సంగతి మీ పాఠకులు మరిచిపోయి ఉండరు. 2024 జూన్‌లో అనర్హత, నవంబరు 28న ఉప ఎన్నిక అన్నారు, జిల్లా అంతా ఎన్నికల కోడ్ పెట్టారు. ఆయన వాదన వినలేదని హైకోర్టు అనర్హతను కొట్టేసింది, ఎన్నిక రద్దయింది. ఓటర్లంతా ఎంపీటీసీలు, జెడ్పీటీసీలు, కౌన్సిలర్లే. అయినా ఆ రోజుల్లో విజయనగరంలో ఉండే మా చెల్లెలి కొడుకు ఆదాయ ధ్రువపత్రం కోసం ఒక ఆఫీసుకు మూడుసార్లు తిరిగాడు. కోడ్ ఉంది, తర్వాత రా అన్నారట. ఆదాయ పత్రానికీ కోడ్‌కీ సంబంధం ఏమిటి? స్కాలర్‌షిప్ గడువు దగ్గర పడి కుర్రాడికి ఒకటే టెన్షన్. పని తప్పించుకోవడానికి కోడ్ అన్న మాట దొరికితే మన ఆఫీసుల్లో ఇక ఫైలు ముట్టరు. ముందే ఆయన వాదన విని తేల్చి ఉంటే ఈ తిరుగుళ్లన్నీ ఉండేవా?

నేను అడిగేది పెద్ద మార్పేమీ కాదు. రాజీనామా లేఖ అందిన నెలలోగా స్పీకర్ తేల్చాలి, తేల్చకపోతే ఆమోదించినట్టే. ఫిరాయింపు మీద మూడు నెలలన్నది కోర్టు చెప్పే మాటగా మిగలకుండా చట్టంలోకి ఎక్కాలి. ఉప ఎన్నికకు ఆరు నెలలెందుకు, మూడు చాలు. ఏడాది మినహాయింపును ఆరు నెలలకు తగ్గించాలి. ఒకరికి ఒకే సీటు. సొంత రాజకీయం కోసం రాజీనామా చేసి మళ్లీ అక్కడే నిలబడేవాళ్ల దగ్గర ఖర్చు వసూలు చేయాలి.

ఇవి పార్లమెంటులో మారాల్సినవి. జమిలి బిల్లు 2024 డిసెంబరులో లోక్‌సభలో పెట్టి సంయుక్త కమిటీకి పంపారు. శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు కేంద్ర మంత్రి, విజయనగరం ఎంపీ అప్పలనాయుడు గారూ సభలో ఉన్నారు. ఈ సెక్షన్ల మాట ఎత్తుతారో లేదో మీ విలేకరి వాళ్లిద్దరినీ అడగాలి. ఏం చెప్పారో మీ పత్రికలో వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్కూల్ అసిస్టెంట్,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా