గుండె ఎకో స్లాట్లు ఎందుకు తగ్గాయంటే

ఈ నెల నుంచి మా క్లినిక్‌లో ఒక్కో కుక్క గుండె ఎకోకి (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్‌కి) 45 నిమిషాలు కేటాయిస్తున్నాం, అందుకే స్లాట్లు తగ్గాయి. ఇలా మార్చడానికి కారణమైన తప్పు మాదే. కొన్ని రిపోర్టుల్లో మీరు నోటితో చెప్పిన బరువే రాసుకున్నాం, కాటా ఎక్కించలేదు.

బరువుతో ఎకోకేం పని అంటారా? చిన్న జాతుల్లో గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం పాడై రక్తం వెనక్కి కారుతుంటే, ఎడమ జఠరిక (కింది గది) పూర్తిగా సాగినప్పటి వెడల్పును బరువుతో సరిచూస్తాం. కిలోల బరువుకు 0.294 ఘాతం కట్టి, సెంటీమీటర్ల కొలతను దాంతో భాగిస్తాం. కొలత 3.2 అనుకోండి. 8 కిలోల పొమెరేనియన్‌కి 1.74 వస్తుంది. దాన్నే 10 కిలోలని రాస్తే 1.63. హద్దేమో 1.7! మర్మర్ (స్టెతస్కోప్‌లో వినిపించే అసహజ గుండె చప్పుడు) 3వ గ్రేడుకి తగ్గకుండా, ఎడమ కర్ణికకూ (పై గదికీ) బృహద్ధమనికీ (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళానికీ) నిష్పత్తి కనీసం 1.6 ఉండి, ఇదీ 1.7కి చేరితే, ఆయాసం మొదలవకముందే పిమోబెండాన్ అనే గుండె మందు ఇస్తాం. రెండు కిలోల తేడాతో ఆ మందు ఆగిపోతుంది.

కర్ణిక కొలతా తేలిగ్గా తప్పుతుంది. బృహద్ధమని కవాటం మూసుకోగానే వచ్చే మొదటి ఫ్రేమ్‌లోనే కొలవాలి. కొలత గీత పుపుస సిరలోకి (ఊపిరితిత్తుల నుంచి కర్ణికకు వచ్చే నాళంలోకి) జారిందా, గది లేనిపోని పెద్దదైపోతుంది. ఇకపై మూడు గుండె స్పందనల్లో కొలిచి సగటు రాస్తాం.

రొప్పుతున్న కుక్కకి ఊపిరితిత్తుల గాలి అడ్డొచ్చి బొమ్మ చెదురుతుంది. పది నిమిషాలు ముందే రండి, చల్లగా కూర్చోనిద్దాం. మత్తు సాధారణంగా అక్కర్లేదు. పక్కకు పడుకోబెట్టి, బల్లకున్న కంతలోంచి ప్రోబ్ కింది నుంచి ఆనిస్తాం. ముంగాలి మోచేతి వెనక అరచేతంత బొచ్చు గొరగాలి. పొమెరేనియన్లకి అది మళ్లీ రావడానికి నెలలు పట్టొచ్చు. వద్దంటే పాయ తీసి స్పిరిట్, జెల్ రాసి చూస్తాం కానీ, బొమ్మ అంత స్పష్టంగా రాదు.

రోజువారీ మాత్రలు ఆపకండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందో లేదో మేం ఎక్స్‌రేతోనే తేలుస్తాం, పాతవుంటే తెండి. డాబర్‌మన్‌లకి ఎకో బాగున్నా 24 గంటల హోల్టర్ (గుండె లయను రికార్డు చేసే పరికరం) కావాలి. అది మా దగ్గర లేదు, బయటికి రాసిస్తాం.

మీ రిపోర్టులో బరువుతో సరిచూసిన జఠరిక అంకె 1.5 నుంచి 1.8 మధ్య ఉండి, బరువు ఇక్కడ తూచినట్టు గుర్తులేకపోతే కుక్కని తీసుకురండి. మళ్లీ తూచి, ఎకో తీసి ఇస్తాం, డబ్బు తీసుకోం. ఈలోగా నిద్రలో శ్వాసలు లెక్కపెట్టండి. నిమిషానికి 30 దాటుతుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే వచ్చేయండి.