చిన్నీ, నీ నవలలో నీళ్ళ లెక్క తప్పింది

టొరంటో,
ఆదివారం రాత్రి

చిరంజీవి చిన్నికి,

అప్ప ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో నువ్వే విడిగా రాయి. అమ్మనడిగితే ఎప్పుడూ తగ్గిందనే అంటుంది.

ఉత్తరం ఆలస్యమైందని అలగకు. నువ్వు ఫొటోలు తీసి పంపిన మూడు నోట్‌బుక్కులూ రెండేసిసార్లు చదివాకే కలం పట్టాను. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి మర్చిపోతావు.

ముందు మంచి మాట. నవలకి 'వరుస' అన్న పేరూ ఆ ఊహా రెండూ మార్చకు. ఎవరు ఎవరికి అన్న, ఎవరు ఎవరికి బావ అన్నది వరుసల కచేరీ కాగితం మీద రాసివ్వడం, కుళాయి దగ్గర నిలబడే బారుని కూడా వరుస అనే పిలవడం, ఇది తెలుగులోనే పుట్టే కథ. ఇక్కడి లైబ్రరీల్లో టీనేజీ పిల్లల అరల నిండా చీకటి లోకాల ప్రేమకథలే. గోడ కట్టిన ఊరు, పదహారేళ్ళకి ఒక పరీక్ష, సర్కారు చూపించిన పెళ్ళికొడుకు. అన్నీ బాగానే ఉంటాయి గానీ, ఒక్క పిలుపుతో ప్రేమని నేరం చేసే వీలు ఆ భాషలో లేదు. అన్నయినా బావయినా వాళ్ళు పేరు పెట్టే పిలుస్తారు కదా.

ఇప్పుడు చిల్లు సంగతి. నీ కథానాయిక నాగావళీ, నాయకుడు వంశీ ఇద్దరూ శివారు వరుసలో పుట్టారు కాబట్టి అన్నాచెల్లెళ్ళని కచేరీ రాసేసింది. ఎందుకు రాసింది? నూట ఎనభై పేజీల్లో ఎక్కడా చెప్పలేదు. వాళ్ళు దుర్మార్గులు అంటే చాలదు. దుర్మార్గుడికీ ఏదో ఒకటి మిగలాలి, లేకపోతే అంతమంది గుమాస్తాలకి జీతాలిచ్చి అన్ని కాగితాలు ఎందుకు రాయిస్తాడు? ప్రేమంటే పడని ప్రభుత్వం అని రాస్తే చదివేవాళ్ళు పది పేజీలు నమ్ముతారు, పదకొండో పేజీలో నవ్వుతారు.

2008లో వచ్చిన హంగర్ గేమ్స్ నువ్వు సినిమాగా చూశావు, పుస్తకంలో లెక్క చూడు. అందులో చీటీల్లో పేరొచ్చిన పిల్లలు ఒకరినొకరు చంపుకునే ఆటకి పోవాలి. పన్నెండేళ్ళ పిల్లకి చీటీలో పేరు ఒకసారి పడుతుంది, ఆపైన ఏడాదికి ఒకటి పెరుగుతుంది. ఆకలేస్తే ఇంకో చీటీ వేయించుకోవచ్చు. దానికి బదులు ఒక మనిషికి ఏడాదికి సరిపడా, అదీ అరకొరగా, ధాన్యం, నూనె ఇస్తారు. వేసిన చీటీలు మరుసటేడు చెరిగిపోవు, పేరుకుంటాయి. ఆ కథలో పిల్ల తనకీ చెల్లికీ అమ్మకీ కలిపి ఏటా మూడు అదనంగా వేయించుకుంది. ఏడాదికి నాలుగు, ఐదేళ్ళకి ఇరవై. తిన్న ప్రతి ముద్దకీ చావు ఎంత దగ్గరైందో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రచయిత్రి ప్రభుత్వాన్ని ఒక్క తిట్టు తిట్టనక్కర్లేకపోయింది. నీకు కావలసింది అలాంటి లెక్క. ప్రేమలేఖ తర్వాత రాద్దువు గానీ, ముందు కచేరీ ఖాతా పుస్తకం రాయి.

నీ లోకానికి నీళ్ళే ఖాతా. నువ్వు మనిషికి రోజుకి ఒక గ్లాసు అని రాశావు. గ్లాసుడు నీళ్ళతో మనుషులు వారం తిరక్కుండా పోతారు, ఇక ప్రేమించేదెవరు? తాగడానికీ తిండికీ కలిపి రెండున్నర నుంచి మూడు లీటర్లు లేనిదే మనిషి బతకడు. తుపాను శిబిరాల్లో అన్ని అవసరాలకీ కలిపి మనిషికి కనీసం 15 లీటర్లని లెక్క వేస్తారు. అంటే ఒక పెద్ద బిందె. మనిషికి రోజుకి ఒక బిందె అని రాయి, అమ్మమ్మకి కూడా అర్థమవుతుంది. శివారు వరుసలో 300 గడప, 1,200 మంది అనుకో. 18,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు నాలుగుసార్లు తిరగాలి. కచేరీ అంతే ఇస్తుంది, చుక్క పెంచదు. ఇప్పుడు ఆ వరుసలో ఒక బిడ్డ పుట్టిందనుకో. ఆ బిందె ఎక్కడి నుంచి వస్తుంది?

అదీ నీ కారణం. శివారు వాళ్ళని లారీలెక్కించి ఖాళీ చేయిస్తే గొడవ. అందుకని అందరినీ అన్నాచెల్లెళ్ళు చేసేస్తారు. పెళ్ళాడాలంటే ఎగువ వరుసకి పోవాలి, పోతే అక్కడే ఉండిపోవాలి. శివారులో పెళ్ళిళ్ళుండవు, పిల్లలుండరు. నలభై యాభై ఏళ్ళలో వరుస దానంతటదే ఆరిపోతుంది. తుపాకీ పేలక్కర్లేదు. శివారు భూములకి నీరందకపోవడం అన్న మాట మన జిల్లాలో వినని రైతు లేడు. అదే మాటని మనుషులకి అంటించు.

నీ దగ్గర ఇన్ఫార్మర్లంతా ముసుగులేసుకున్న పోలీసులు. తీసెయ్. పట్టించేది పక్కింటి పిన్ని. ఆవిడకి రెండేళ్ళ పిల్లాడున్నాడు, ఇంకో బిడ్డ పుడితే వాడి బిందె తగ్గుతుంది. ఆవిడ చెడ్డది కాదు. నాగావళికి అంబలి పోసిన చేత్తోనే ఫిర్యాదు రాస్తుంది. ఆ పేజీ సరిగ్గా వస్తే మిగతా దుర్మార్గులెవరూ నీకు అక్కర్లేదు.

సముద్రం పొంగి మన శ్రీకాకుళం తీరంలోని ఉద్దానమంతా మునిగిందని మొదటి పేజీలో రాశావు. అంత అట్టహాసం వద్దు. మునగకుండానే బావులు ఉప్పెక్కుతాయి. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టం కంటే ఒక మీటరు పైకి మంచినీరు నిలిస్తే, కిందకి సుమారు 40 మీటర్ల దాకా మంచినీరే. బోర్లేసి తోడేసి ఆ పై మీటరు పోగొట్టారా, కింద ఉప్పు నలభై మీటర్లు పైకొస్తుంది. ముందు టీ విరుగుతుంది, తర్వాత నారుమడి ఎర్రబడుతుంది, కొబ్బరి చివరిదాకా ఓర్చుకుంటుంది. ఒక్కొక్కటీ ఒక్కో అధ్యాయంలో పెట్టు.

కచేరీ ఎలా పుట్టిందో కూడా చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో నీకు నేను చెప్పక్కర్లేదు. నాటు కొబ్బరి మళ్ళీ కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. అన్నాళ్ళూ సాయం అందాలంటే ఎవరింట్లో ఎందరో, ఎవరు ఎవరికి ఏమవుతారో రాసుకోవాలి కదా. నీ కథలో తుపానుకి వేరే పేరు పెట్టు, కచేరీని ఆ సాయం రిజిస్టరుగా మొదలుపెట్టు. మొదటి గుమాస్తా నిజంగా మంచివాడు. చెట్లు కాపుకొచ్చే లోపల ఇంకో తుపాను. రిజిస్టరు మూయడం ఎవరికీ గుర్తుండదు. ఏకై వచ్చి మేకవడమంటే ఇదే.

తిండి విషయంలోనూ ఇదే తప్పు. రోజుకి గుప్పెడు బియ్యం అన్నావు. గుప్పెడంటే 50 గ్రాములు, 175 క్యాలరీలు. దాంతో వంశి ట్యాంకు నిచ్చెన ఎక్కలేడు సరిగదా, మంచం దిగలేడు. విపత్తుల్లో మనిషికి రోజుకి 2,100 క్యాలరీలని చూస్తారు, అంటే 600 గ్రాముల బియ్యం. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం మన కార్డు బియ్యం మనిషికి నెలకి 5 కిలోలు, రోజుకి 170 గ్రాములు కూడా లేవు, మిగతాది కొనుక్కుంటాం. నీ లోకంలో కొనడానికి అంగడి లేదు కాబట్టి 400 గ్రాములివ్వు. కడుపు కాలుతూ ఉంటుంది, కాళ్ళు మాత్రం కదులుతాయి. ప్రేమకథకి సరైన ఆకలి అది.

ఇదంతా మరీ అన్యాయంగా, ఎవరూ నమ్మనట్టుగా ఉంటుందని భయపడకు. విజయనగరంలో పుట్టిన కన్యాశుల్కానికి 1897లో గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట తెప్పించుకుని చదువు. మహారాజావారు తయారు చేయించిన పట్టికల్లో శుల్కం పెళ్ళిళ్ళు 1,034 తేలాయట. అందులో అయిదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు, ఒక్కొక్కరి ధర మూడు వందల యాభై నుంచి నాలుగు వందల రూపాయలు. ఆ వాక్యాల్లో ఏడుపు లేదు, అంకెలున్నాయి. నీ కచేరీ ఆదేశాలు కూడా అలాంటి చల్లని భాషలో రాయి. ఆదేశాలకి పాఠ్యపుస్తకం తెలుగు, మనుషులకి మన 'ఏటి', 'ఎందుకేటి' యాస. రెండూ ఒకే పేజీలో పడితే గోడ కట్టక్కర్లేదు, కనిపిస్తుంది.

ఇక ప్రేమ. నలభయ్యో పేజీలో ఇద్దరూ ఐ లవ్ యూ అనేసుకున్నారు. అయిపోయింది, ఇంకేముంది చదవడానికి? నీ దగ్గర అంతకంటే పదునైన మాట ఉంది. చట్టం ప్రకారం కుళాయి దగ్గర నాగావళి వంశిని ప్రతిసారీ గట్టిగా 'అన్నా' అని పిలవాలి, పిలిస్తేనే బిందె నింపుతారు. మొదటి యాభై పేజీలూ పిలుస్తుంది. ఒకరోజు గొంతు పెగలదు. బిందె ఖాళీగా ఇంటికొస్తుంది, అమ్మ ఎందుకని అడుగుతుంది. ప్రేమ మొదలైందని చదివేవాళ్ళకి అక్కడ తెలియాలి, నాగావళికి ఇంకా తెలియకూడదు. తర్వాత పిలుపు లేకుండా మాట్లాడటం, తర్వాత పేరు. 'బావా' అన్న మాట నవల మొత్తంలో ఒక్కసారే రావాలి. నన్నడిగితే ముప్పాతిక భాగం దాటాక, వరుసల విచారణలో, అందరి ముందూ.

ఆ ఎగువ వరుస పెళ్ళికొడుకు శేఖరాన్ని నువ్వు తాగుబోతుని చేశావు. అలాగైతే నాగావళికి ఎంచుకోవడానికేముంది? వాణ్ణి మంచివాణ్ణి చెయ్యి. వాడిని చేసుకుంటే తియ్యటి నీళ్ళు, అమ్మకి మందు, చట్టబద్ధమైన పిల్లలు. వంశిని చేసుకుంటే పక్కింటి పిల్లాడి బిందెకి గండి. ముగ్గురి ప్రేమకథలో మూడో మనిషి ఇంకో అందమైన మొహం కాకూడదు, ఇంకో రకం బతుకు కావాలి.

వంశికి పనేమీ పెట్టలేదు నువ్వు, ఊరికే గోడెక్కి చుక్కలు చూస్తుంటాడు. వాణ్ణి ట్యాంకు బాగుచేసేవాణ్ణి చెయ్యి. ట్యాంకులో నూటికి అయిదు వంతులు కారిపోతే 900 లీటర్లు, అరవై మంది బిందెలు. అది కచేరీకి తెలిసీ మూయనివ్వదని వాడు కనిపెట్టాలి. అరవై మంది పిల్లలు పుట్టడానికి చోటుందన్నమాట. నీ తిరుగుబాటు అదే. ఒక్క రాత్రిలో కచేరీ తగలబడిపోవడం తీసెయ్. ఆ అంకె కుళాయి వరుసలో ఒకరి చెవి నుంచి ఒకరి చెవికి పాకితే చాలు.

వెండి లాకెట్టు కూడా తీసెయ్. అది ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. నాగావళి అమ్మ పొందూరు నుంచి వచ్చిన నూలు వడికే మనిషి అన్నావు కదా, వాలుగ చేప దవడ ఇవ్వు. నువ్వు పొందూరులో చూసే ఉంటావు. వేలెడంత ఎముక, దాని మీద దగ్గరదగ్గరగా సన్నటి పళ్ళు, చేత్తో తాకితే ఇసుక కాగితంలా గీరుకుంటుంది. గింజ తీయక ముందే పత్తిని దాంతో దువ్వుతారు. చెత్త పళ్ళలో చిక్కుకుని పోగులు తిన్నగా వస్తాయి. తర్వాత బల్ల మీద ఇనప కడ్డీతో గింజ తీసి, విల్లుతో ఏకి, ఏకులు చుట్టి ఎండిన అరటి దొప్పలో దాచుకుంటారు. ఆ చేప గోదావరి వైపు నుంచి రావాలి. నీ లోకంలో దారులు మూసేశారు కాబట్టి ఇంక రాదు. పళ్ళు అరిగిపోతున్న ఆఖరి దవడ అన్నమాట. వంశి అరవై అన్న అంకెని దాని వెనక గీసిస్తే దాచుకోవడానికీ పట్టుబడటానికీ రెండింటికీ పనికొస్తుంది.

చిన్నవి కొన్ని. కవిటి నుంచి కళింగపట్నానికి వంశి రాత్రికి రాత్రే నడిచి వెళ్ళాడు. గాలిలో గీత గీసినా తొంభై కిలోమీటర్లుంటుంది. గంటకి నాలుగయిదు కిలోమీటర్ల చొప్పున పది గంటలు నడిచినా సగం దూరమే. రెండు రాత్రులు చెయ్యి, పగలు జీడితోటలో దాచు. నాగావళి, వంశి అన్న పేర్లు ముద్దుగా ఉన్నాయి గానీ నాగావళి, వంశధార నదులు రెండూ ఎక్కడా కలవవు. ఒకటి కళ్ళేపల్లి దగ్గరా ఇంకోటి కళింగపట్నం దగ్గరా వేర్వేరుగా సముద్రంలో పడతాయి. తెలిసే పెట్టావా? అయితే ఉంచు, ఎవరిచేతా చెప్పించకు.

ఇంగ్లీషు పుస్తకాలు చూసి వర్తమానంలో 'నేను' అని చెప్పించావు. తెలుగులో అది చిక్కు. 'పరిగెత్తుతాను' అంటే రేపటి సంగతో రోజూ చేసే పనో అవుతుంది, 'పరిగెత్తుతున్నాను' అంటే ప్రతి వాక్యం చివరా తున్నాను తున్నాను అని మద్దెల మోగుతుంది. భూతకాలంలో రాసి, బిందె ఖాళీగా వచ్చిన రోజూ విచారణ రోజూ మాత్రం వర్తమానంలోకి దించు. నిడివికి ఇంగ్లీషు వాళ్ళు అరవై నుంచి తొంభై వేల మాటలంటారు. మనం నాలుగు మాటలు ఒకదాంట్లో కలిపేస్తాం కాబట్టి నీకు యాభై వేలు చాలు. నీ దగ్గర ఇప్పుడు దాదాపు సగం ఉంది.

మొదటి అధ్యాయం దిద్దుతూ కూర్చోకు, ఖాళీ బిందె అధ్యాయం రాసి ముందు అది పంపు. దాంతోపాటు కచేరీ ఖాతా ఒక పేజీ, కొట్టివేతలతో సహా. మాటల కోసం శ్రీకాకుళం కథానిలయానికి ఒక రోజు వెళ్ళిరా, కథకుడు కాళీపట్నం రామారావు, మన కారా మాస్టారు, 1997లో పెట్టిన కథల గ్రంథాలయం, పాత పత్రికల్లో మనవాళ్ళ మాట ఎలా అచ్చయిందో చూసి రాసుకో.

నాన్నకి నమస్కారాలు చెప్పు. ఫిర్యాదు రాసే పిన్నికి నువ్వు పెట్టిన ముక్కుపుడకా ఆ దగ్గూ ఎవరివో నాకు తెలిసిపోయింది. ఊళ్ళో అందరికీ తెలుస్తుంది. దగ్గు తీసెయ్.

మీ అప్ప