వర్షమాపకం రోడ్డు పక్కనే కాదు, కొండ మీదా పెట్టండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఒడిశాలో ఉన్నా మా గుణుపురం, రాయగడ వైపు తెలుగు పత్రిక చదివే రైతులం చాలామందిమే ఉన్నాం. స్మార్ట్ వ్యవసాయం మీద వార్త వచ్చిందంటే పక్కన డ్రోన్ ఫొటో ఉండాల్సిందే. 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇస్తామని 2023లో కేంద్రం ప్రకటించింది. మంచిదే. కానీ చోళ్ళు, సామలు, కందులు ఒకే చెక్కలో కలిపి చల్లే కొండవాలులో డ్రోను ఏ పంటకని మందు కొడుతుంది? మాకు ముందు కావలసింది వాన కబురు, అదీ మా కొండ వాన కబురు.

2024 అక్టోబరులో పంచాయతీ స్థాయి వాతావరణ సూచనలు మొదలుపెట్టారు. 2025 మేలో వచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే వాతావరణ సూచనల వ్యవస్థ దేశాన్ని 6 కిలోమీటర్ల గళ్ళుగా చూస్తుంది. అంతకుముందు గడి 12 కిలోమీటర్లు. మైదానానికి ఇది చాలా మేలు. కొండల్లో ఆ ఆరు కిలోమీటర్లలోనే లోయా ఉంటుంది, శిఖరమూ ఉంటుంది. గాలికి ఎదురుగా ఉన్న వాలు తడిసి ముద్దవుతుంటే అవతలి వాలులో దుమ్ము లేస్తుంటుంది. పోయిన ఖరీఫ్‌లో ఏదో యాప్‌లో వాన లేదని చూసి పత్తికి మందు కొట్టించాం. మధ్యాహ్నానికి కొండ మీంచి దిగిన వాన అంతా కడిగేసింది. ఆకుల మీంచి తెల్లటి నీళ్ళు సాళ్ళలోకి కారుతుంటే చూస్తూ నిలబడ్డాం. మందు ఖర్చూ పోయింది, కూలీ పోయింది.

సూచన నిజమైందో తప్పిందో తేలాలంటే నేల మీద వాన కొలవాలి. వాతావరణ లెక్కలు సేకరించే కేంద్రం 'విండ్స్' పథకంలో పంచాయతీకో ఆటోమేటిక్ వర్షమాపకం అన్నారు. నా మనవి అక్కడే. మా వైపు పంచాయతీ ఆఫీసు సాధారణంగా పల్లంలో, రోడ్డు పక్కన ఉంటుంది. అక్కడ పెడితే పల్లపు వానే లెక్కకొస్తుంది. రేపు పంటల బీమాకు ఆ అంకెనే పట్టుకుంటే పై ఊళ్ళ నష్టం కాగితం మీద ఉండదు. కొండ పంచాయతీలకు రెండు పెట్టాలి: కింద ఒకటి, పై ఊరి బడి ఆవరణలోనో అంగన్‌వాడీ దగ్గరో ఇంకొకటి. దాన్ని శుభ్రం చేసే మనిషికి నెలనెలా ఎంతో కొంత ఇవ్వాలి. ఆకులు పడి గరాటు మూసుకుపోతే కుండపోత వానలోనూ యంత్రం సున్నా అనే పంపుతుంది. ఆ సున్నా కంటే యంత్రం లేకపోవడమే నయం.

కబురు మెసేజీగా కాదు, ఫోన్ కాల్‌గా రావాలి. ఒడియాతో పాటు కువి, సవర, తెలుగుల్లో. పై ఊళ్ళలో చాలామంది చేతిలో ఉన్నది బటన్ ఫోనే. ఒడిశాలో 'అమ కృషి' అనే ప్రభుత్వ సేవ 2018లోనే రైతులకు ఫోన్‌లో గొంతుతో సలహాలు చెప్పడం మొదలుపెట్టింది కాబట్టి ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన పని కాదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి, వంశధార పొంగింది. పైన గంటగంటకూ ఎంత పడుతోందో తెలిస్తే కింద మాకూ, సరిహద్దు అవతల శ్రీకాకుళం జిల్లా వారికీ పనికొస్తుంది. వచ్చే వానాకాలంలోపు ఈ వర్షమాపకాలు పెట్టాలని, వాటికి స్థలాలు చూసేటప్పుడు పై ఊళ్ళ రైతులను వెంట తీసుకెళ్ళాలని రాయగడ, గజపతి జిల్లాల అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పత్తి రైతు,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా